పొగబండి నంబర్లు రాసుకున్న పిల్లలు

మీలో తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళు ఉండవచ్చు. పాత నాణేలు దాచుకునేవాళ్ళూ ఉండవచ్చు. మరి రైలింజన్లు పోగుచేసే పిల్లల గురించి ఎప్పుడైనా విన్నారా? వంద టన్నుల ఇంజన్ను ఇంటికి ఎలా తెచ్చుకుంటారు అంటారా? తెచ్చుకోలేరు. అందుకే బ్రిటన్‌లో ఒకప్పటి పిల్లలు దాని నంబరును నోటుపుస్తకంలో రాసుకునేవారు. నంబరు పుస్తకంలోకి ఎక్కిందంటే ఇంజను తమ ఖాతాలో పడినట్టే!

1940ల నుంచి 1960ల చివరిదాకా ఆ దేశంలో సెలవురోజున ఏ పెద్ద స్టేషనుకు వెళ్ళినా ప్లాట్‌ఫారం కొసన ఓ కుర్రాళ్ళ గుంపు కనిపించేది. జేబులో పెన్సిలు, సంచిలో ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెముక్కలు. దూరాన పొగ కనబడగానే అందరి చూపులూ అటే. ఎవరు ముందు నంబరు చదివితే వాడే ఆ పూటకు మొనగాడు. ఈ సరదాకు ట్రెయిన్ స్పాటింగ్ అని పేరు.

ఇది ఉత్త పిల్లచేష్ట అనుకునేరు! ఆ పిల్లల్లో చాలామంది పెద్దవాళ్ళయ్యాక, తుక్కు కింద పోవలసిన ఇంజన్లను వందల సంఖ్యలో బతికించారు. అయితే ఇంజన్నయితే కాపాడారు కాని, దాన్ని చేసే విద్యను మొత్తంగా కాపాడగలిగారా? ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే కథ మొదటినుంచీ చూడాలి.

షిల్లింగు పుస్తకం

అది రెండవ ప్రపంచయుద్ధ కాలం. లండనులోని వాటర్లూలో, సదరన్ రైల్వే ఆఫీసులో ఇయాన్ అలన్ అనే యువకుడు పనిచేస్తున్నాడు. ఫలానా ఇంజను పేరేమిటి, ఫలానా నంబరు ఏ తరగతికి చెందింది అంటూ జనం ఆ ఆఫీసుకు ఉత్తరాలు రాసేవారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకంటే అన్నీ కలిపి ఒక చిన్న పుస్తకం వేస్తే పోదా అని అతనికి తోచింది. 1942లో తానే ఆ పుస్తకం అచ్చువేయించాడు. వెల ఒక షిల్లింగు. సదరన్ రైల్వే ఇంజన్ల నంబర్లన్నీ అందులో వరసగా ఉండేవి. ఇంజన్ను కళ్ళారా చూసిన తరువాత ఆ నంబరు కింద గీత గీసుకోవాలి. పుస్తకాలు చూస్తుండగానే అమ్ముడుపోయాయి. తక్కిన రైల్వేలకూ అలాంటి పుస్తకాలు వెలువడ్డాయి.

పిల్లల సంఖ్య పెరిగేసరికి చిక్కులూ వచ్చాయి. ట్యామ్‌వర్త్ అనే ఊళ్ళో రెండు పెద్ద రైలుమార్గాలు ఒకదానిమీదుగా ఒకటి దాటుతాయి. అక్కడ గుమిగూడిన కుర్రాళ్ళు కొందరు రైల్వే హద్దులోకి చొరబడి పోలీసులకు చిక్కారు. దాంతో ఇయాన్ అలన్ ఈ పిల్లలకోసం ఒక క్లబ్బు పెట్టాడు. అందులో చేరేవాళ్ళు రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఈ నియమం మీకూ గుర్తుండాలి సుమా! పట్టాల మీద నడవడం సరదా కాదు, ప్రాణాపాయం.

నంబరులో దాగిన కథ

1948 జనవరి 1న బ్రిటన్ తన రైల్వేలను జాతీయం చేసింది. అంతకుముందున్న నాలుగు పెద్ద కంపెనీల నుంచి ఇరవై వేలకు పైగా ఆవిరి ఇంజన్లు బ్రిటిష్ రైల్వేకు వచ్చాయి. ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. ఒకే నంబరు గల ఇంజన్లు నాలుగు కంపెనీల్లోనూ ఉన్నాయి! ఏం చేయాలి?

పరిష్కారం చాలా సులువైనది. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్ల నంబర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. సదరన్ ఇంజన్లలో చాలావాటికి పాత నంబరుకు 30000 కలిపారు. లండన్ మిడ్లాండ్ అండ్ స్కాటిష్ ఇంజన్లకు 40000, లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ ఇంజన్లకు 60000 కలిపారు. ఆ తరువాత బ్రిటిష్ రైల్వే తానే కొత్తగా రూపొందించిన ఆవిరి ఇంజన్లకు 70000 నుంచి మొదలుపెట్టారు.

ఇప్పుడు మీరు చెప్పండి. 45110 అనే ఇంజను ఏ కంపెనీది? దాని పాత నంబరెంత? జవాబు మీకు వెంటనే తట్టిందంటే మీలోనూ ఓ ట్రెయిన్ స్పాటరు ఉన్నాడన్నమాట!

అంటే ఆ పిల్లలు అంకెలను ఊరికే పోగుచేయలేదు. నంబరును బట్టి ఇంజను తరగతిని, తరగతిని బట్టి చక్రాల అమరికను, అమరికను బట్టి అది చేసే పనిని గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఉదాహరణకు 4-6-2 అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఇంజను శక్తితో తిరిగే ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు చిన్న చక్రాలు. జీవశాస్త్రంలో మొక్కలను కుటుంబాలుగా, ప్రజాతులుగా విభజించడం మీరు చదువుతారు కదా, ఇదీ అలాంటి వర్గీకరణే.

క్షణానికి ఎనిమిది చుట్లకు పైగా

వాళ్ళ పుస్తకాల్లో 60022 నంబరుకు ప్రత్యేకమైన గౌరవం ఉండేది. దాని పేరు మాలర్డ్. మాలర్డ్ అంటే ఒక జాతి బాతు. నైజెల్ గ్రెస్లీ రూపొందించిన ఈ ఇంజను 1938 జూలై 3న స్టోక్ బ్యాంక్ అనే వాలులో గంటకు 126 మైళ్ళ వేగం అందుకుంది. అంటే సుమారు 203 కిలోమీటర్లు. ఆవిరి ఇంజన్లలో ప్రపంచ రికార్డుగా చెప్పుకునే వేగం అదే. ఆనాడు డ్రైవరు జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే.

ఆ వేగం ఎంతో ఊహించాలంటే చిన్న లెక్క చేద్దాం. మాలర్డ్ పెద్ద చక్రం వ్యాసం 2.03 మీటర్లు. 3.14తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 6.4 మీటర్లు. గంటకు 203 కిలోమీటర్లంటే సెకనుకు 56 మీటర్లు. కాబట్టి మన తల కంటే ఎత్తైన ఆ ఉక్కు చక్రం సెకనుకు దాదాపు తొమ్మిదిసార్లు తిరిగింది! మాలర్డ్‌కు మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండరు నుంచి చక్రం తిరిగే ప్రతిసారీ రెండుమార్లు ఆవిరి బయటకు వస్తుంది. అంటే చుట్టుకు ఆరు ఊపిర్లు, సెకనుకు యాభైకి పైగా. మనం చెప్పుకునే 'చుక్‌చుక్' శబ్దం అప్పుడు విడివిడిగా వినబడదు, ఒకటే హోరుగా మారిపోతుంది.

అంత వేగానికి నడిమి సిలిండరుకు సంబంధించిన బేరింగు వేడెక్కి పాడయింది. రికార్డు సృష్టించిన ఇంజను మెల్లగా పీటర్‌బరో చేరి అక్కడే ఆగిపోయింది.

రైలు వేగాన్ని మీరు కూడా కొలవవచ్చు. బ్రిటన్‌లో పట్టాల పక్కన పావు మైలుకొక గుర్తు ఉంటుంది. రెండు గుర్తుల మధ్య పట్టిన సెకన్లతో 900ను భాగిస్తే గంటకు ఎన్ని మైళ్ళో తెలుస్తుంది. మన రైలుమార్గాల పక్కన కిలోమీటరు గుర్తులున్నాయి. ఒక కిలోమీటరుకు పట్టిన సెకన్లతో 3600ను భాగించండి. 45 సెకన్లు పడితే వేగం 80 కిలోమీటర్లు. కిటికీ లోపల కూర్చునే ఈ లెక్క చేయాలి. తల బయట పెట్టకండి.

నీరు కాచే కళ

ఇంజను చూడటం ఒక ఎత్తు, దానిమీద పనిచేయడం మరొక ఎత్తు. మాలర్డ్ బాయిలరులో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 250 పౌండ్లు. అంటే వాతావరణ పీడనానికి సుమారు 17 రెట్లు. ఇంట్లో ప్రెషర్ కుక్కరులో నీరు 120 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. ఈ బాయిలరులో అది మరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. పీడనం పెరిగేకొద్దీ మరిగే స్థానం పెరుగుతుందని మీ పుస్తకంలో ఉన్న పాఠమే ఇది.

బొగ్గు వేయడంలో ఏముంది, పారతో ఎత్తి వేయడమే కదా అనిపిస్తుంది. కాని బొగ్గు పూర్తిగా మండాలంటే గాలి చాలినంత అందాలి. ఒకేసారి కుమ్మరిస్తే నిప్పు ఉక్కిరిబిక్కిరై నల్లటి పొగ వస్తుంది. చూడటానికి దర్జాగా ఉన్నా, ఆ నలుపంతా కాలకుండా పోయిన కర్బనమే. మంచి ఫైర్‌మన్ కొద్దికొద్దిగా, ఎక్కడ పలచబడిందో అక్కడే వేస్తాడు. ముందు ఎత్తు రాబోతోందని తెలిసి నిప్పును ముందుగానే సిద్ధం చేస్తాడు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మేలుకుంటే లాభం లేదు!

ఇందులో ఒక చమత్కారం ఉంది. సిలిండర్లలో పని ముగించిన ఆవిరిని చిమ్నీ గుండా పైకి చిమ్ముతారు. అది పోతూపోతూ తనతోపాటు పొగను లాక్కుపోతుంది. ఆ ఖాళీని పూరించడానికి కిందినుంచి నిప్పులోకి కొత్త గాలి దూసుకొస్తుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంతగా రాజుకుంటుంది!

మరొక చిక్కు ప్రశ్న. అంత పీడనం ఉన్న బాయిలరులోకి చన్నీళ్ళు ఎక్కించడమెలా? 1858లో హెన్రీ గిఫార్డ్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఇంజెక్టరును కనిపెట్టాడు. బాయిలరులోని ఆవిరినే సన్నని మూతి గుండా వదిలితే అది అమిత వేగంతో దూకుతుంది. చల్లని నీళ్ళతో కలిసి, తానూ నీరైపోయి, ఆ నీళ్ళకు తన వేగాన్ని ఇస్తుంది. దారి వెడల్పయ్యే చోట ఆ వేగం పీడనంగా మారి, నీళ్ళు బాయిలరు తలుపును తోసుకుని లోపలికి పోతాయి. తన ఆవిరితో తానే నీళ్ళు తాగుతుందన్నమాట!

నీటిమట్టం మీద కన్ను వేసి ఉంచడం ప్రాణాలతో కూడిన సంగతి. నీరు తగ్గితే నిప్పుల పెట్టె పైకప్పు ఎర్రగా కాలి, పీడనానికి ఆగలేక పేలిపోవచ్చు. అందుకని ఆ కప్పులో సీసం బిరడాలు అమర్చేవారు. నీరు హద్దు దిగితే సీసం కరిగి, ఆవిరి నిప్పుల్లోకి చిమ్మి ప్రమాదాన్ని చాటుతుంది.

ఆదివారం బడి

ఈ విద్య ఎక్కడ నేర్పేవారు? పదిహేనేళ్ళ కుర్రవాడు లోకోషెడ్డులో క్లీనరుగా చేరేవాడు. పని నూనెగుడ్డతో ఇంజను తుడవడం. తుడుస్తూ తుడుస్తూ ఏ భాగం ఎక్కడుందో చేతివేళ్ళకు తెలిసేది. తరువాత ఫైర్‌మన్. డ్రైవరు కావడానికి ఎన్నో ఏళ్ళు, చాలామందికి పదిహేను ఇరవై ఏళ్ళ పైచిలుకే పట్టేది.

డ్రైవరు పరీక్షకు తయారుకావడానికి కార్మికులు తామే తరగతులు నడుపుకునేవారు. వాటిని పరస్పరాభివృద్ధి తరగతులు అనేవారు. సెలవు దొరికిన ఆదివారం పూట వయసు మళ్ళిన డ్రైవర్లు చిన్నవాళ్ళను కూర్చోబెట్టుకుని సిగ్నళ్ళ నియమాలు, ఆవిరి కవాటాల కదలిక, దారిలో ఇంజను చెడితే చేయవలసిన పనులు చెప్పేవారు. జీతం లేదు, ఫీజు లేదు. తాను నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పి పోవడమే ఆ బడి నియమం.

ఈ జీవితం తలచుకోవడానికి తియ్యగా ఉంటుంది. బొగ్గుపార మీదే గుడ్లు వేయించుకు తిన్న సంగతులు ఆనాటి కార్మికులు ముచ్చటగా చెప్పుకుంటారు. కాని తెల్లవారుజామున రెండింటికి డ్యూటీ, కళ్ళలో నుసి, వీపున వాన, ఎదుట నిప్పు. లండను నుంచి ఎడింబరోకు 393 మైళ్ళు. 1928 నుంచి ఆ దూరాన్ని దారిలో ఎక్కడా ఆగకుండా పరుగెత్తిన బండి కోసం, నడుస్తుండగానే సిబ్బంది మారడానికి టెండరులో ఒక సందు పెట్టారు. ఎత్తు అయిదడుగులు, వెడల్పు 18 అంగుళాలు! టన్నులకొద్దీ బొగ్గు ఎత్తిపోసిన వ్యక్తి ఆ సందులోంచి వంగి పాకినట్టు వెనక్కు వచ్చేవాడు. 1950లలో కుర్రాళ్ళు ఈ పని వదిలి ఫ్యాక్టరీల వైపు వెళ్ళిపోయారంటే వాళ్ళను తప్పుపట్టలేం.

సాయంకాల తార

ఇంత శ్రమపడినా బొగ్గులోని శక్తిలో పదోవంతు కూడా బండిని లాగడానికి అందేది కాదు. డీజిలు ఇంజను దక్షత దానికి ఎన్నో రెట్లు. 1955లో బ్రిటిష్ రైల్వే ఆధునికీకరణ పథకం ప్రకటించింది. 1960 మార్చిలో స్విండన్ కార్ఖానాలో తన చివరి ఆవిరి ఇంజన్ను పూర్తిచేసింది. నంబరు 92220. పేరు ఈవెనింగ్ స్టార్, అంటే సాయంకాల తార. పదేళ్ళ తరువాత, 1970లో, మన చిత్తరంజన్ కార్ఖానాలో తయారైన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు 'అంతిమ్ సితారా' అని పేరుపెట్టారు. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మన మొదటి ప్రయాణికుల బండిని లాగినవి బ్రిటన్‌లో వల్కన్ ఫౌండ్రీ చేసిన ఇంజన్లే. అలా మొదలైన కథ ముగింపులో రెండు దేశాలకూ నక్షత్రమే గుర్తుకొచ్చింది.

1968 ఆగస్టు 11న లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కు వెళ్ళి వచ్చిన ప్రత్యేక రైలుతో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల మీద ఆవిరి యుగం ముగిసింది. టిక్కెట్టు 15 గినీలు. అప్పటికది చాలా పెద్ద మొత్తం. అయినా జనం ఎక్కారు. దారి పొడవునా వంతెనల మీద, గట్ల మీద వేలమంది నిలబడ్డారు. ఆ రోజు బండిని లివర్‌పూల్ నుంచి కదిలించిన ఇంజను ఏదో తెలుసా? ఇందాక మీరు లెక్క చెప్పిన 45110.

తుక్కుదిబ్బ నుంచి

ఇంజన్లను తుక్కు వ్యాపారులకు అమ్మేశారు. దక్షిణ వేల్స్‌లోని బ్యారీ ఊళ్ళో డాయ్ వుడమ్ నడిపిన తుక్కు యార్డుకు 297 ఇంజన్లు చేరాయి. అయితే పాత వ్యాగన్లను కోయడం తేలిక కావడంతో ఆయన ముందుగా ఆ పని పెట్టుకుని, ఇంజన్లను చాలాకాలం పక్కన ఉంచాడు. సముద్రపు గాలికి అవి వరసగా నిలబడి తుప్పుపట్టసాగాయి.

ఒకనాడు ప్లాట్‌ఫారం మీద నంబర్లు రాసుకున్న కుర్రాళ్ళకు అప్పటికి ఉద్యోగాలు వచ్చాయి. జట్లుగా కూడి, చందాలు వేసుకుని, తమకు నచ్చిన ఇంజన్ను తుక్కు ధరకు కొనడం మొదలుపెట్టారు. 1968 సెప్టెంబరులో 43924 నంబరు ఇంజను మొదటగా బయటపడింది. అలా మొత్తం 213 ఇంజన్లు బ్యారీ నుంచి బతికి బయటికి వచ్చాయి!

వాటిని నడపడానికి పట్టాలు కూడా కావాలి కదా! 1951లోనే వేల్స్‌లో టలిథ్లిన్ అనే చిన్న రైలుమార్గాన్ని స్వచ్ఛంద సేవకులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ దారిలో ఇప్పుడు బ్రిటన్‌లో నూటికి పైగా వారసత్వ రైలుమార్గాలున్నాయి. వారమంతా ఉద్యోగం చేసి, సెలవురోజున మసి గుడ్డలు తొడుక్కుని బాయిలరు లోపలి మడ్డి గీకే గుమాస్తాలు, ఉపాధ్యాయులు అక్కడ కనిపిస్తారు. రిటైరయిన పాత డ్రైవర్లూ ఫిట్టర్లూ వాళ్ళకు గురువులయ్యారు.

60163

అయినా కొన్ని తరగతుల్లో ఒక్క ఇంజను కూడా మిగల్లేదు. 1948, 49లలో కట్టిన ఏ1 తరగతి ఇంజన్లు 49. నంబర్లు 60114 నుంచి 60162 దాకా. 1966 నాటికి అన్నీ తుక్కయిపోయాయి. 1990లో కొందరు అభిమానులు కూడి, పాతది దొరకకపోతే కొత్తది కడదాం అనుకున్నారు. పాత నక్షాలు వెతికి తీశారు. చందాలు పోగుచేశారు. సుమారు ముప్ఫై లక్షల పౌండ్లు ఖర్చయింది. 2008లో డార్లింగ్టన్‌లో ఆ ఇంజను పట్టాలకెక్కింది. పేరు టోర్నడో. నంబరు 60163! పుస్తకంలో 60162తో ఆగిపోయిన వరసకు మరొక అంకె చేరింది. 2017లో అది పరీక్షా పరుగులో గంటకు 100 మైళ్ళ వేగం అందుకుంది.

కాని ఒక సంగతి గమనించండి. టోర్నడో బాయిలరు బ్రిటన్‌లో తయారు కాలేదు. ఆవిరి ఇంజన్ను ప్రపంచానికి ఇచ్చిన ఆ దేశంలో అంత పెద్ద ఇంజను బాయిలరు కట్టే కార్ఖానా మిగల్లేదు. దాన్ని జర్మనీలోని మైనింగన్‌లో చేయించవలసి వచ్చింది. అక్కడే ఎందుకంటారా? తూర్పు జర్మనీలో ఆవిరి ఇంజన్లు 1980ల చివరిదాకా పనిచేశాయి. పని ఉంది కాబట్టి పనివాళ్ళున్నారు. పనివాళ్ళున్నారు కాబట్టి విద్య మిగిలింది.

మొదట వేసిన ప్రశ్నకు ఇదే జవాబు. నంబరు కాగితం మీద నిలుస్తుంది. నక్షా బీరువాలో నిలుస్తుంది. ఇనుము కూడా కొంతకాలం తుప్పుకు ఓర్చుకుంటుంది. కాని రేకు ఎంత వేడిమీద వంచాలి, నిప్పు ఏ రంగులో ఉన్నప్పుడు బొగ్గు వేయాలి అన్న తెలివి మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి ఉండగానే ఇంకొకరు నేర్చుకోకపోతే, తరువాత పొరుగు దేశం పోవలసిందే.

మీ ఊళ్ళోనూ ఇలా తగ్గిపోతున్న యంత్రాలుంటాయి. చేమగ్గం, గానుగ, పాత అచ్చుయంత్రం, పొలంలో నీళ్ళు తోడిన ఆయిలింజను. వచ్చే సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకుని వాటిలో ఏదో ఒకదాని దగ్గరకు వెళ్ళండి. దాని పేరు, ఊరు, తయారైన ఏడాది రాసుకోండి. కాని అక్కడితో ఆపకండి. దాన్ని నడిపిన పెద్దాయనో, పెద్దమ్మో ఉంటే పక్కన కూర్చుని, అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో, అప్పుడేం చేసేవారో అడగండి. వీలైతే ఒకసారి మీ చేత్తో తిప్పి చూడండి.